కొత్తపట్నం ఒడ్డున సీసం కరిగించడానికి గిన్నె, బర్నర్: ఒక కేసు

ఒంగోలులో నాది చిన్న వెల్డింగ్ షాపు. హోటళ్లకు బట్టీలు, పెళ్లి వంటలవాళ్లకు పొయ్యిలు, వాటికి స్టాండ్లు కట్టడం పని. మొన్న మే నెలలో కొత్తపట్నం మండలం నుంచి ఒక పడవ యజమాని ఆటోలో వచ్చి దిగాడు. వెంట రెండు వస్తువులు తెచ్చాడు. ఒకటి పెళ్లిళ్లలో అన్నం వండే పెద్ద అల్యూమినియం డేగిసా. రెండోది మూసేసిన హోటల్లో సెకండ్ హ్యాండ్‌లో కొన్న హై ప్రెజర్ పొయ్యి.

"ఈ రెంటికీ సరిపడా స్టాండు ఒకటి కట్టిపెట్టు అబ్బాయ్. వంద కిలోలైనా మొయ్యాల" అన్నాడు.

"ఏం వండుతావు మామా ఇందులో?" అని అడిగితే, "వంట కాదు, సీసం" అన్నాడు.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు మరపడవలకు వేట నిషేధం. వలలు బాగుచేసుకునేది ఆ రోజుల్లోనే. వల నీళ్లలో మునగడానికి అంచున కట్టే సీసపు గుండ్లను కూడా అప్పుడే కరిగించి కొత్తగా పోసుకుంటారు. చిరిగిన వలల నుంచి కోసి తీసిన అలాంటి గుండ్లు ఆయన ఇంట్లో మూడేళ్లుగా పేరుకున్నాయి. వాటికి తోడు పాత కేబుల్ మీద నుంచి ఒలిచిన సీసపు తొడుగు, టైర్ల షాపులో అడిగి తెచ్చుకున్న, చక్రాలకు బ్యాలెన్సింగ్ కోసం బిగించే బరువులు ఉన్నాయి. అన్నీ కలిపి 60 కిలోల దాకా ఉంటుందన్నాడు. ఇన్నాళ్లూ ఇసుకలో గుంట తీసి, సరుగుడు కట్టెలు పేర్చి, ఇనప బాణలిలో కరిగించేవాళ్లు. పోయినేడు బాణలిలో ఒక గుండు వేయగానే ఢబ్బుమని చిందింది. ఆయన మోచేతి కింద ఆ మచ్చలు ఇంకా ఉన్నాయి, ఎర్రగా, పప్పు గింజల సైజులో. గ్యాసు మీదైతే చిందదని ఎవరో చెప్పారట.

గ్యాసైనా కట్టెలైనా ఆ చిందడంలో తేడా ఉండదు. అక్కడికక్కడే ఆ సంగతి చెప్పాను. చిందించింది మంట కాదు, తడి. స్టాండు సంగతి తర్వాత చూద్దాం, ముందు ఇంటికొచ్చి అన్నీ చూస్తానన్నాను.

అక్కడ చూసినవి

మర్నాడు పొద్దున్నే వెళ్లాను. నేను చూడాలనుకున్నవి నాలుగు: సీసం కుప్ప, అచ్చు, పోసే మనిషి, పోసే చోటు. అన్నిటికంటే ఎక్కువ సంగతి చెప్పింది అచ్చు. ఇనుముతో చేసిన రెండు పలకల అచ్చు, ఒక వైపు బందు, ఒకేసారి నాలుగు గుండ్లు పడతాయి. ఒక్కో గుండు 50 గ్రాములు, అంటే ఒక పోతకు 200 గ్రాములు. పోసి, గడ్డకట్టేదాకా ఆగి, అచ్చు తెరిచి దులిపి, మళ్లీ మూయడానికి నిమిషం పడుతుంది. అందుకని ఎంత చురుగ్గా చేసినా గంటకు 12 కిలోలు దాటవు.

అరవై కిలోలు ఒకేసారి కరిగిస్తే అందులో సగానికి పైగా రెండు మూడు గంటలు ఊరికే మంట మీద కాగుతూ కూర్చుంటుంది. అలా కాగినంతసేపూ పైన మడ్డి (గాలి తగిలి సీసం మీద పేరుకునే తెట్టు) కడుతుంది, పొగ లేస్తుంది, గ్యాసు ఖర్చవుతుంది. గిన్నె ఎంత ఉండాలో సీసం కుప్పను చూసి చెప్పకూడదు, అచ్చును చూసి చెప్పాలి. నా దగ్గరికి ఈ పని మీద వచ్చేవాళ్లు దాదాపు అందరూ కుప్పనే చూసుకుని వస్తారు.

రెండు గంటల్లో పోయగలిగినంత చాలని లెక్కేసి, ఒక వాయికి 20 కిలోలని ఖాయం చేశాను. మామకు ఇది నచ్చలేదు. "ఇరవై కిలోలంటే ఎంత వస్తదబ్బాయ్, చెంబెడు" అన్నాడు. ఆ మాట నిజమే. సీసం సాంద్రత 11.34. ఇరవై కిలోలు గట్టిగా రెండు లీటర్లు కూడా ఉండదు. కళ్లు మోసపోయేది ఇక్కడే. ఇంట్లో అయిదు లీటర్ల కుక్కరు చూపించి, దీని నిండా సీసం కరిగితే 50 కిలోలు దాటుతుంది, అంటే ఒక సిమెంటు బస్తా బరువు, మంట మీద, మూడు కాళ్ల పొయ్యి మీద అని చెప్పాను. అత్త (ఆయన భార్య) వెంటనే "వద్దు వద్దు, చిన్నదే చెయ్యి" అంది. పోసేది ఆమే. పోసే మనిషి ఎవరో నాకు అప్పుడు తెలిసింది.

కుప్పలో ఒక మూల రెండు పాత బ్యాటరీలు ఉన్నాయి, ఆటోవి. వాటిని ముట్టుకోవద్దని గట్టిగా చెప్పాను. బ్యాటరీ ప్లేట్ల మీద ఉండే ముద్ద సీసం కాదు, సీసపు ఆక్సైడు, సల్ఫేటు. అది ఈ గిన్నెలో కరగదు. దాన్ని సీసం చేయాలంటే బొగ్గు వేసి వెయ్యి డిగ్రీల దగ్గర నడిపే కొలిమి కావాలి. ఇంటి మంట మీద పెడితే దుమ్మూ పొగే వస్తాయి. పైగా ప్లేట్లలో కలిసుండే యాంటిమొనీ, ఆర్సెనిక్ లాంటివి మడ్డిలోకి చేరి, ఆ మడ్డికి తేమ తగిలితే ఆర్సీన్ అనే విషవాయువు పుట్టొచ్చు. బ్యాటరీ వ్యర్థాల మీద 2022 నుంచి కేంద్రం రూల్సు ఉన్నాయి, పాత బ్యాటరీ తిరిగి సేకరణ దారిలోనే పోవాలి. బ్యాటరీ షాపుకిస్తే కొత్తదాంట్లో డబ్బు తగ్గిస్తారు. ఆ రెండూ ఆ సాయంత్రమే షాపుకు పోయాయి.

గిన్నె

అల్యూమినియం డేగిసా ఎందుకు వద్దో మామకు ఒప్పించడానికి కొంత సేపు పట్టింది. ఆయన వాదన ఇదీ: సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది, అల్యూమినియం 660కి గానీ కరగదు, మధ్యలో బోలెడు తేడా ఉంది కదా. కరిగేదాకా గట్టిగా ఉంటుందనుకోవడమే పొరపాటు. అల్యూమినియం 300 దాటేసరికే బలం చాలా పోగొట్టుకుని మెత్తబడుతుంది. గిన్నె లోపల 380 ఉన్నప్పుడు, మంట తగిలే అడుగు అంతకంటే ఎంతో వేడిగా ఉంటుంది. పైన ఇరవై కిలోల బరువు. చెవులకు కొట్టిన రివిట్లు కూడా అల్యూమినియమే. అడుగు జారితే ఆ రెండు లీటర్లూ పోసేవాళ్ల కాళ్ల మీద పడతాయి.

ఇత్తడి, రాగి గిన్నెలు కూడా వద్దు. కళాయి పూత తగరం, 232 డిగ్రీలకే కరిగి సీసంలో కలిసిపోతుంది. జింకు పూత ఉన్న బకెట్లు, తొట్లు అసలు దగ్గరికి రానీయకూడదు. స్టీలు గిన్నె కరగదు గానీ వంటింటి స్టీలు పల్చన, వేడి ఒక్కచోటే నిలబడి అడుగు వంకర తిరుగుతుంది. మిగిలినవి రెండు: పోత ఇనుము, మైల్డ్ స్టీలు. పోత ఇనప మూకుడు మంచిదే. కానీ పాతది కొంటే వెంట్రుకంత పగులు కంటికి కనిపించదు. వేలితో కొడితే గంటలా మోగాలి, మొద్దుగా పలికితే పగులున్నట్టే. కరిగిన సీసం ఉన్న మూకుడికి చన్నీళ్లు తగిలినా పగులుతుంది. కడలి గాలిలో, ఎండలో, పిల్లలు తిరిగే చోట దాన్ని నేను నమ్మలేదు.

నేను కట్టింది ఆరంగుళాల ఎంఎస్ (మైల్డ్ స్టీలు) పైపు ముక్క, 16 సెంటీమీటర్ల ఎత్తు, 7 మిల్లీమీటర్ల మందం, అడుగున 8 మిల్లీమీటర్ల ప్లేటు. ఇరవై కిలోల సీసం కరిగితే ఇందులో 10 సెంటీమీటర్ల లోతు వస్తుంది. పైన మిగిలే 6 సెంటీమీటర్లు గరిటె తిప్పినా పొర్లకుండా ఉండటానికి. గిన్నె బరువే 6 కిలోలు. రెండు పక్కలా 12 మిల్లీమీటర్ల రాడ్డుతో చెవులు పెట్టాను. సీసం ఉన్నప్పుడు ఎత్తడానికి కాదవి, ఖాళీది కడగడానికి. అడుగున టాపు పెట్టమని మామ అడిగాడు. పెట్టనన్నాను. అక్కడ మడ్డి పలుకు ఒకటి ఇరుక్కుంటే టాపు మూసుకోదు, ఇరవై కిలోలూ కారేదాకా చూస్తూ నిలబడాలి.

మొదటి గిన్నెలో తప్పు నాదే. అడుగు ప్లేటును బయటివైపు నుంచి ఒకే వరస వెల్డింగ్ చేశాను. నీళ్లు పోసి చూస్తే కారలేదు, సరేనని ఇచ్చేశాను. మొదటి వాయిలో సీసం మొత్తం కరిగాక, బర్నర్ తల మీద ఆవగింజంత చుక్క మెరిసింది. చూస్తుండగానే ఇంకొకటి. ఆ తర్వాత సన్నని వెండి దారంలా దిగడం మొదలైంది. పక్కనే గ్యాసు ట్యూబు. వెంటనే మంట ఆపి, అందరినీ దూరంగా పొమ్మని, గిన్నెలోంచి గరిటెతో రేకు పళ్లెంలోకి తోడేశాను. ఎవరికీ ఏమీ కాలేదు. బర్నర్ రంధ్రాలు అయిదో ఆరో సీసంతో పూడిపోయాయి. నీళ్లు కారని సందులోంచి సీసం కారుతుందా అంటే, కారుతుంది. చల్లగా ఉన్నప్పుడు వెల్డింగ్ చిట్టెం (అతుకు మీద కట్టే పెంకు) పలుకు సూదిమొనంత బెజ్జాన్ని మూసి ఉంచుతుంది. వేడికి అది ఊడిపోతుంది. సీసం బరువు నీళ్ల కంటే పదింతలు, ఆ ఒత్తిడి అడుగు అతుకు మీదే పడుతుంది.

రెండోసారి లోపలా బయటా రెండు వైపులా వెల్డింగ్ చేసి, ప్రతి వరసకూ చిట్టెం కొట్టి, బ్రష్షు పెట్టి రుద్దాను. అతుకు బయటివైపు సుద్ద పూసి ఆరనిచ్చి, లోపల రెండు వేళ్ల ఎత్తు డీజిల్ పోసి రాత్రంతా వదిలేశాను. బెజ్జం ఉంటే తెల్ల సుద్ద మీద నూనె మరక పడుతుంది. ఈసారి పడలేదు. డీజిల్ ఒంపి, తుడిచి, ఆరుబయట ఖాళీ గిన్నెను బాగా కాల్చి వాసన పోయాక ఇచ్చాను. మొదటిసారే ఈ పరీక్ష చేసి ఉండాల్సింది.

బర్నర్

గిన్నె తేలితే బర్నర్ సగం తేలినట్టే. ఇరవై కిలోల సీసాన్ని 30 డిగ్రీల నుంచి కరిగించి 380కి తేవడానికి దాదాపు 1400 కిలోజౌళ్ల వేడి కావాలి. ఆరు కిలోల ఇనప గిన్నె తాను వేడెక్కడానికి ఇంకో 1050 తీసుకుంటుంది. మొత్తం 2450. మంట వేడిలో మూడో వంతు కూడా గిన్నెలోకి చేరదు, మిగతాది పక్కలనుంచి పోతుంది. నూటికి 30 పాళ్లు చేరిందనుకుంటే, ఇంటి పొయ్యి మీద ఉండే పెద్ద బర్నర్, అంటే సుమారు 2 కిలోవాట్లది, గంటా పది నిమిషాల్లో ఈ పని చేస్తుంది. అందుకు కాలే గ్యాసు 200 గ్రాముల లోపే. మామ తెచ్చిన హోటల్ పొయ్యి పావుగంటలో కరిగిస్తుందన్నది నిజమే. కానీ నాకు కావాల్సింది త్వరగా కరగడం కాదు, కరిగాక రెండు గంటలు 360, 400 మధ్య నిలబడటం. హై ప్రెజర్ బర్నర్‌ను అంత సన్నగా తగ్గిస్తే కడలి గాలికి ఆరిపోతుంది. ఆరిపోకుండా పెంచితే గిన్నె అడుగు ఎర్రబడుతుంది. సీసం 500 డిగ్రీల దారి పట్టిందంటే కంటికి కనపడని ఆవిరి ఎక్కువవుతుంది. ఆ ఆవిరి గాలిలో చల్లబడి ఆక్సైడు పొడిగా మారి ఊపిరితో లోపలికి పోతుంది.

అందుకని లో ప్రెజర్ రెగ్యులేటర్ మీద నడిచే పోత ఇనప బర్నర్, రెండు వరసల రంధ్రాలది ఎంచుకున్నాను. ఐఎస్ఐ మార్కు ఉన్న సురక్షా ట్యూబు వేశాను. ఇంటి వంట సిలిండరు తీసుకురావద్దని చెప్పి, విడిగా అమ్మే 5 కిలోల సిలిండరు తెప్పించాను. గంటకు 160 గ్రాముల లోపు కాల్చే బర్నర్‌కు అది చక్కగా సరిపోతుంది. అదే హోటల్ బర్నర్ తగిలిస్తే చిన్న సిలిండరు చెమర్చి, చల్లబడి, ప్రెజరు పడిపోయేది.

రెండో గిన్నెను మొదటి రోజు ఒడ్డున పెట్టి చూస్తే గంటన్నర గడిచినా సీసం అడుగున మాత్రమే కరిగింది. నా లెక్కలో గాలి లేదు. మర్నాడు రెండు మిల్లీమీటర్ల నల్ల రేకుతో గొట్టంలా ఒక అడ్డు చుట్టాను. గిన్నెకూ దానికీ మధ్య వేలెడు సందు ఉంచాను. కింద గాలి పీల్చుకోవడానికి నాలుగు కిటికీలు, పైన ఒక మూత. అదే బర్నర్, అదే సిలిండరు, 55 నిమిషాల్లో మొత్తం కరిగింది. మొత్తం పనిలో నాకు బాగా తృప్తినిచ్చింది ఆ రేకే. దాని కోసం ఖర్చయింది తుక్కు రేకు ముక్క, గంట పని.

పాత అలవాటుతో గ్యాసు పొయ్యిని కూడా ఇసుక గుంటలో దించుతానన్నాడు మామ. గాలి తగలదు, బరువు నేలే మోస్తుందని. కట్టెలకు గుంట బాగుంటుంది. గ్యాసుకు అది ప్రమాదం. ఎల్పీజీ గాలి కంటే బరువు, లీకైతే గుంటలోనే నిండి కూర్చుంటుంది. స్టాండు నేల మీదే ఉండాలన్నాను.

స్టాండు దగ్గర అత్త మాట విని ఒకటి మార్చాను. మొదట పొయ్యి ఎత్తు పెట్టాను. ఆమెకేమో పీట మీద కూర్చుని పోయడం అలవాటు. కూర్చుంటే మొహం గిన్నె మీదకు వస్తుంది, చిందితే ఒడిలో పడుతుంది. నిలబడి పోయమంటే నడుం పట్టేస్తుందంది. చివరికి గిన్నె అంచు ఆమె మొలకు కాస్త కింద ఉండేలా నాలుగు కాళ్ల స్టాండు, దానికి పక్కనే అచ్చు పెట్టుకోవడానికి అదే ఎత్తులో రేకు బల్ల కట్టాను. గరిటె జానెడు దూరం కంటే ఎక్కువ ప్రయాణం చేయదు. గిన్నె జారకుండా స్టాండు మీద మూడు కొక్కేలు. వంద కిలోల ఇసుక బస్తాలు పెట్టి ఊపి చూశాకే పంపాను.

పోత

పాత వల గుండ్లలో చాలావరకు సీసపు రేకును తాడు చుట్టూ మడిచినవే. ఆ మడతల్లో ఉప్పు, ఇసుక, తాడు పోగులు, తడి ఉంటాయి. ఎండలో రెండు రోజులు రేకు మీద ఆరేసినా మడత లోపలి తడి పోదు. పోయినేడు మామను కాల్చింది అదే. నీటి బొట్టు ఆవిరైతే 1700 రెట్లు పెరుగుతుంది. అది సీసం కిందికి పోయాక పెరిగితే పైనున్న సీసాన్ని విసిరికొడుతుంది. ప్రతి గుండునూ సుత్తితో విప్పించి, తాళ్లు కోసి, అప్పుడు ఆరబెట్టించాను. అంతా చల్లని గిన్నెలో ముందే నింపి అప్పుడు మంట వెలిగించడం. కరిగిన సీసంలో కొత్త ముక్క వేయడం పూర్తిగా మాన్పించాను. గరిటెను కూడా అంచు మీద పెట్టి వేడి చేశాకే ముంచాలి.

టైర్ల షాపు బరువుల్లో కొన్ని జింకువి. జింకు 419 డిగ్రీలకు గానీ కరగదు, సీసం కంటే తేలిక. మంట సన్నగా ఉంటే కరగకుండా పైకి తేలతాయి, గరిటెతో తీసేయొచ్చు. మంట పెద్దదైతే కలిసిపోయి సీసం గంజిలా గడ్డలు కట్టి అచ్చులోకి సరిగా దిగదు. చిన్న బర్నర్ వల్ల కలిగిన లాభాల్లో ఇదొకటి.

వేడి చూడటానికి మల్టీమీటరుకు తగిలించే కె-టైపు తీగ కొనిపించాను. దూరం నుంచి ఎర్ర చుక్క వేసి చూసే గన్ను ఇక్కడ పనికిరాదు. కరిగిన సీసం అద్దంలా మెరుస్తుంది కాబట్టి తక్కువ చూపిస్తుంది. అత్త మాత్రం మూడో వాయికల్లా మీటరు చూడటం తగ్గించింది. మడ్డి పక్కకు లాగగానే సీసం మీద ఆకాశం కనపడాలి, కాసేపట్లో అది మసకబారాలి. అలా కాకుండా నెమలి పింఛంలా నీలం, ఊదా రంగులు పాకాయంటే వేడెక్కువైనట్టు. ఆమె నాబు తిప్పాక మీటరు చూస్తే 420 నుంచి దిగుతూ ఉండేది.

మడ్డి ఎక్కువైనప్పుడు ఒక కొవ్వొత్తి ముక్క వేసి ఎండు కర్రతో కలపడం నేర్పాను. మైనం భగ్గుమని మండుతుంది, ఒక అడుగు వెనక్కి ఉండాలి. ఆ కలుపుడుకు మడ్డిలో సగం మళ్లీ సీసమవుతుంది. మిగిలిన బూడిద పొడి అన్నిటికంటే విషం. ఎగిరేది అదే, చేతులకంటేది అదే. మూత గట్టిగా పడే పెయింటు డబ్బాలోకి తీసి, పిల్లలకు అందనిచోట, తడి తగలనిచోట పెట్టించాను. అచ్చుకు దీపం పొగ పట్టించడం వాళ్లకు ముందే తెలుసు. మొదటి నాలుగైదు పోతలు ముడతలు పడతాయి, అచ్చు వేడెక్కాక సరవుతాయి.

ఆ ఇంట్లో మూడేళ్ల మనవడున్నాడు. కోడలు నిండు నెలలతో ఉంది. పిల్లల ఒంట్లో ఇంత సీసం ఉన్నా ఫర్వాలేదనే మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతుంది. అది పిల్లల మెదడు మీద పనిచేస్తుంది, కడుపులో బిడ్డకూ చేరుతుంది. ఈ మాట అత్తకు ఒక్కసారే చెప్పాను. అప్పటిదాకా వంటింటి వెనక పెడదామనుకున్న పొయ్యి ఇళ్లకు తూర్పున, వలలు ఆరేసే మిట్ట అవతలకు పోయింది. పొద్దున గాలి పడమర నుంచి సముద్రం మీదకు వీస్తుంది, పది దాటాక తిరిగి కడలి నుంచి ఇళ్ల మీదకు మళ్లుతుంది. ఆ సంగతి నాకంటే వాళ్లకే బాగా తెలుసు. అందుకని ఆరింటికి వెలిగించి తొమ్మిదిన్నరకు ఆపేయాలని వాళ్లే నియమం పెట్టుకున్నారు. పని బట్టలు అక్కడే విప్పి విడిగా ఉతకడం, సబ్బుతో చేతులు, మొహం కడిగాకే టీ ముట్టుకోవడం, పోత దగ్గర బీడీ, వక్కపొడి వద్దనడం వరకు ఒప్పుకున్నారు. నోటికి తువ్వాలు కట్టుకుంటే చాలదని, సన్నని పొగను ఆపే ఫిల్టరున్న మాస్కు కావాలని చెప్పి ఒంగోలు నుంచి తెప్పించాను. చెమటకు మామ దాన్ని రెండుసార్లు తీసేశాడు. అత్త తీయలేదు.

అరవై కిలోలు మూడు పొద్దుల్లో అయిపోయాయి. మడ్డీ, జింకు ముక్కలూ పోను 54 కిలోల గుండ్లు వచ్చాయి. ప్రతి రోజూ చివర మిగిలిన సీసాన్ని గిన్నెలో గడ్డకట్టనివ్వకుండా చిన్న రేకు పళ్లాల్లో పోసి దిమ్మెలు చేయించాను. గడ్డ కట్టిన నిండు గిన్నెను మర్నాడు కింద నుంచి కాలిస్తే, కింద కరిగి వ్యాకోచించిన సీసం పై పెంకును పగలగొట్టుకుని చిమ్ముతుంది. గ్యాసు మొత్తం కిలో పైచిలుకు కాలింది. హోటల్ పొయ్యిని మామ ఇంకెవరికో అమ్మేశాడు. డేగిసాలో కోడలి సీమంతానికి అన్నం వండారు.

ఇప్పుడు అదే రేవు నుంచి ఇంకో ఇద్దరు అడుగుతున్నారు, మామకు కట్టినట్టే కట్టమని. ఒకాయనకు విసురు వలల గుండ్లు కావాలట, సన్నవి. రెండో ఆయన పెద్ద వలలకు 200 గ్రాములవి పోస్తాడట. ఇద్దర్నీ ముందు అచ్చులు పట్టుకుని రమ్మన్నాను. పైపు ఇంకా కోయలేదు.